గోదారి బాసర దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "సాంకేతిక రంగంలో మన బడి పిల్లలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. అలా మాట్లాడాలంటే ఎవరు ఏ దేశంలో ఏ ఉద్యోగం చేస్తున్నారో చదువుకుంటూ పోవాలి. ఆ జాబితా సంచిక చివర ఎలాగూ వేస్తున్నారు. కాబట్టి నేను మన బడి కంప్యూటర్ గదిలో జరిగిన ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. అందులో తప్పు నాది. అది ఇంతవరకు ఈ ఊళ్లో ముగ్గురికే తెలుసు.

ఆ గది గుమ్మం పక్కన నల్లరాతి ఫలకం ఒకటుంది. పొద్దున లోపలికి వస్తూ చూసే ఉంటారు. 2017లో మా పదో తరగతి బ్యాచ్ 10 కంప్యూటర్లు బహూకరించినట్టు దాని మీద చెక్కి ఉంది. ఆ 10 అనే అంకె దగ్గరే కథ మొదలవుతుంది.

అప్పట్లో నేను పనిచేసే చోట పాత కంప్యూటర్లు తీసేస్తుంటే అడిగి తెచ్చాను. తెచ్చినవి పదే, కానీ సరిగ్గా నడిచేవి ఆరు. ఆ ఆరింటిలో ఒక్కోదానికి 1 జీబీ ర్యామ్ ముక్కలు రెండేసి ఉన్నాయి. మిగిలిన నాలుగింటిలో అన్నీ ఉన్నాయి గానీ ర్యామ్ ముక్కలు ఎవరో ముందే పీకేసుకున్నారు. నాకో ఆలోచన వచ్చింది. ఆరింటి నుంచి తలో ముక్క తీస్తే ఆరు ముక్కలు చేతికొస్తాయి. నాలుగు పెట్టి ఖాళీ పెట్టెల్ని నడిపించవచ్చు, ఇంకా రెండు మిగులుతాయి. మిగిలిన రెంటినీ రెండు కంప్యూటర్లలో మళ్లీ పెట్టేశాను. అంటే రెంటిలో 2 జీబీ, ఎనిమిదింటిలో 1 జీబీ. ఆరు కంప్యూటర్లు పదయ్యాయి. అప్పట్లో వాటిలో ఉన్నది 32 బిట్ల విండోస్ 7. దానికి కనీసం 1 జీబీ ఉండాలని చెబుతారు, ఉంది కదా అని నా మనసుకు సర్ది చెప్పుకున్నాను. నిజానికి ఫలకం మీద ఆరు కంటే పది బాగుంటుందనిపించింది. ఇందులో దాచేదేముంది.

మరుసటేడు సోషల్ టీచర్ గారికి ఒక మంచి పాఠం తట్టింది. మన రోజుల్లో సోషల్ మాస్టారు పటం గోడకు తగిలించి బెత్తంతో గోదావరిని చూపించేవారు. ఆ బెత్తం తగిలి తగిలి రాజమండ్రి ఉండాల్సిన చోట గుడ్డకు చిల్లు పడింది, గుర్తుందా? ఈ మేడం గారు అదే గోదావరిని ఆన్‌లైన్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రాల మీద చూపించాలనుకున్నారు. త్ర్యంబకం దగ్గర మొదలుపెట్టి, నాసిక్, పైఠాన్, నాందేడ్, బాసర మీదుగా, కాళేశ్వరంలో ప్రాణహిత కలవడం చూసి, భద్రాచలం దాటి, కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, పాపికొండల సందులోంచి ధవళేశ్వరం చేరి, అక్కడ చీలిన పాయల్లో వశిష్ఠను పట్టుకుని అంతర్వేది దాకా. మొత్తం 1,465 కిలోమీటర్లు. మౌస్‌తో జరుపుకుంటూ పిల్లలే నదితోపాటు నడుస్తారు. ఇంతకంటే మంచి భూగోళం పాఠం నేనెక్కడా వినలేదు.

కానీ గోదారి మన ఊరు చేరలేదు. నాందేడ్ దాటేసరికి మౌస్ బరువెక్కేది. బాసర దగ్గరకొచ్చేసరికి తెర కొయ్యబారిపోయి, కాసేపటికి బ్రౌజరే మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ త్ర్యంబకం. పీరియడ్ ముప్పావు గంటే కదా, ఈలోగా గంట కొట్టేసేవారు.

మేడం గారు నాకు ఫోన్ చేశారు. "సార్, మిగతా పనులన్నీ బానే చేస్తున్నాయండీ, మ్యాప్ తెరిస్తేనే పడిపోతున్నాయి" అన్నారు. నేను మీటింగులో ఉన్నాను. "వైరస్ అయ్యుంటుందండీ. పిల్లలెవరో పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గేములు ఎక్కించి ఉంటారు, చూడండి" అనేశాను. ఇంజినీరు చెప్పాడంటే నమ్ముతారు కదా. విచారిస్తే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు దొరికాడు. ఎప్పుడూ ఆ గదిలోనే ఉండేవాడు, ఒక కంప్యూటర్ దగ్గర నుంచి ఇంకో దాని దగ్గరకు తిరుగుతూ ఉండేవాడు. వాడి జేబులో పెన్‌డ్రైవ్ కూడా ఉంది. వాణ్ణి దసరా ముందు నుంచి సంక్రాంతి దాకా ఆ గదిలోకి రానివ్వలేదు.

2019 సంక్రాంతికి ఊరొచ్చాను. మేడం గారు తాళం తీయించారు. ఆ కుర్రాడు కూడా వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చేతిలో చుట్టిన నోటు పుస్తకం. "సార్, నేనేం ఎక్కించలేదు సార్. ఏది ఎక్కడ పడిపోతుందో రాసుకుంటున్నాను సార్" అన్నాడు. తీసి చూశాను. వరసగా కంప్యూటర్ నంబరు, బయల్దేరిన చోటు, పడిపోయిన చోటు, తేదీ. నాలుగు పేజీలు. అన్నిటికీ నాందేడ్, బాసర, మళ్లీ నాందేడ్. ఒకసారి పైఠాన్. కానీ 1, 6 నంబర్ల ఎదురుగా ప్రతిసారీ "అంతర్వేది" అని ఉంది.

నాకు చెమట పట్టింది. 1, 6లో నేనే చేతులారా రెండో ర్యామ్ ముక్క పెట్టాను.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి, విసుక్కోకండి. ఆన్‌లైన్ మ్యాప్ ఒక పెద్ద పటం కాదు, చిన్న చిన్న చదరపు పలకలు పేర్చిన గచ్చు లాంటిది. మామూలుగా ఒక్కో పలక 256 చుక్కల వెడల్పు, 256 చుక్కల ఎత్తు. అన్నిటికంటే పై మెట్టులో ప్రపంచమంతా ఒకే పలక. ఒక మెట్టు దగ్గరకెళితే 4, ఇంకో మెట్టుకు 16. పదో మెట్టులో 10,48,576. పద్దెనిమిదో మెట్టులో 6,871 కోట్ల పైన. మన తెర మీదకు వచ్చే పలకల్నే సర్వరు పంపుతుంది కాబట్టి బతికిపోతున్నాం. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చినప్పుడు జనం ముచ్చటపడింది ఇందుకే. పేజీ మళ్లీ తెరవక్కర్లేకుండా పటాన్ని చేత్తో లాగినట్టు లాగొచ్చు.

పలక తీగ మీద వచ్చేటప్పుడు నొక్కిపెట్టిన మూటలా వస్తుంది, కొద్ది కిలోబైట్లే. తెర మీద పరవాలంటే విప్పాలి. చుక్కకు 4 బైట్ల చొప్పున లెక్కేస్తే విప్పిన పలక 256 కిలోబైట్లు. సంచిలో వచ్చిన దూది ఎంత, పరుపు మీద పరిస్తే ఎంత, అలాగన్నమాట. నది ఒడ్డున ఊళ్లు కనబడేంత దగ్గరగా, పదమూడో మెట్టులో గోదావరి పొడుగునా వెళితే, మన అక్షాంశం దగ్గర ఒక పలకలో నాలుగున్నర కిలోమీటర్ల పైచిలుకు నేల పడుతుంది. నది పొడవుకు మూడు వందల పలకలు, తెర నిలువుకు నాలుగైదు. అటూ ఇటూగా 1,500 పలకలు. విప్పితే 375 మెగాబైట్ల దాకా. బ్రౌజర్ అన్నీ అట్టే పెట్టుకోదు, పాతవి వదిలేస్తూ ఉంటుంది. కానీ వెనక్కి లాగుతారేమోనని వెంటనే వదలదు. 1 జీబీలో సగం విండోస్‌కే పోతుంది. వాటిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, బోర్డు మీద చిప్పే, అదీ ఆ ర్యామ్‌లోంచే తన వాటా తీసుకుంటుంది. ఇక గోదారికి మిగిలిందెంత?

చోటు చాలకపోతే కంప్యూటర్ వెంటనే చేతులెత్తేయదు. అప్పుడే అవసరం లేనివి హార్డ్ డిస్కు మీదకు నెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. వంటింటి గట్టు ఇరుకైతే గిన్నెలు అటక మీద పెట్టుకోవడం. కాకపోతే ర్యామ్‌కీ, తిరిగే డిస్కుకీ వేగంలో లక్ష రెట్ల దాకా తేడా. పోపు గరిటె కోసం ప్రతిసారీ నిచ్చెనెక్కితే వంటెలా ఉంటుందో నాందేడ్ దగ్గర మౌస్ అలా ఉండేది. ఆఖరికి బ్రౌజర్ ఇంకొంచెం చోటడుగుతుంది, దొరకదు. అప్పుడు అది తప్పు లెక్కలు చేయడం కంటే ఆగిపోవడం మేలని తనంతట తానే మూసుకుంటుంది. మనం క్రాష్ అని తిట్టేది చాలాసార్లు దీన్నే.

ఇంకో కారణం కూడా ఉంది. మొదట్లో సర్వరు పటాన్ని తానే గీసి బొమ్మగా పంపేది. అది వడ్డించిన విస్తరి. 2011లో వెబ్‌జీఎల్ అనే పద్ధతి స్థిరపడ్డాక, బ్రౌజర్ నేరుగా గ్రాఫిక్స్ చిప్‌తో గీయించుకోవడం వీలైంది. దాంతో మ్యాపులు ఇచ్చేవాళ్లు రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ వంకర తిరుగుతుందో ఆ లెక్కలు పంపి, నువ్వే గీసుకో అనడం మొదలుపెట్టారు. బియ్యం, పప్పు, కట్టెలు పంపి వండుకోమన్నట్టు. కొత్త కంప్యూటర్‌కు ఇది సుఖమే, ఎంత దగ్గరకెళ్లినా గీత చెదరదు, పటాన్ని తిప్పినా పేరు తలకిందులవదు. పాత చిప్ ఉన్న ఇంట్లో పొయ్యే లేదు. చిప్ డ్రైవర్ మరీ పాతదైతే బ్రౌజర్ దాన్ని నమ్మకుండా ఆ పని ప్రాసెసర్ నెత్తిన పెడుతుంది, అది అసలే అలిసిపోయింది. నమ్మితే ఇంకో తంటా. విస్టా నుంచి విండోస్‌లో ఒక కాపలా ఉంది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లు ఉలకకపోతే, పడిపోయిందనుకుని దాన్ని ఆపి మళ్లీ లేపుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తుంది, మ్యాప్ మాత్రం రాదు. కుర్రాడి పుస్తకంలో "పైఠాన్, నల్లగా అయింది" అని ఉన్నది ఇదే. అక్కడ ర్యామ్ కాదు కారణం. వాడు రెంటినీ వేరుగా రాశాడు, నేనైతే రాసేవాణ్ణి కాదు.

వైరస్ ఎక్కడా లేదు. పెన్‌డ్రైవ్‌లో సోషల్ ప్రాజెక్టు కోసం దాచుకున్న ధవళేశ్వరం ఆనకట్ట ఫొటోలు ఉన్నాయి.

తర్వాత చేసింది పెద్ద పనేం కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత రకం ర్యామ్ ముక్కలు వెతికి ఎనిమిది కొన్నాను. ఒక్కోటి హోటల్లో భోజనం ఖరీదు. రెండేళ్ల కిందట ఆ డబ్బు పెట్టి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్లు దొరికినంత కొత్తవి వేశాను. నల్లబడే కంప్యూటర్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేశాను, నెమ్మదించింది గానీ నిలబడింది. మ్యాప్ తెరిచినప్పుడు మిగతా ట్యాబులు మూయాలని, ముందు మామూలు పటంలో వెళ్లి చూడాల్సిన చోటే ఉపగ్రహ చిత్రం తీయాలని మేడం గారు బోర్డు మీద రాశారు.

పిల్లలకు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ కూడా చూపించాను. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు. అప్పటికి అది బొమ్మగా గీసిన పలకలే పంపేది కాబట్టి పాత కంప్యూటర్లకు తేలిక. అందులో మన ఊరు ఒక గీత, ఒక చుక్క. పిల్లలు రామాలయం, చెరువు, పంట కాలువ, బడి, రేవు పెట్టారు. పేర్లు తెలుగులో కూడా రాయవచ్చని తెలిశాక పోటీ మొదలైంది. మన హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వారి వేదిక భువన్ 2009 నుంచీ ఉంది, అదీ చూపించాం. ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పది కంప్యూటర్లలోనూ గోదారి అంతర్వేది చేరిందని మేడం గారు ఫోన్ చేశారు. ఆ రోజు కూడా మీటింగులోనే ఉన్నాను. బయటకొచ్చి మాట్లాడాను.

ఆ కుర్రాడికి నేను సారీ చెప్పానా? లేదు. భుజం తట్టి "బాగా రాశావురా" అన్నాను, వాడు నవ్వాడు, నేను కారెక్కాను. మూడున్నర నెలలు వాణ్ణి గది బయట నిలబెట్టింది నా ఫోన్ మాట. మేడం గారు పిల్లలందరి ముందూ వాడికి చెప్పారట, నేను చెప్పలేదు. ఇప్పుడు కాకినాడలో ఇంజినీరింగు చదువుతున్నాడు, ఇదిగో, మూడో వరసలో కూర్చున్నాడు. బాబూ, తప్పు నాది. నీ పుస్తకం ఆరేళ్ల నుంచీ నా దగ్గరే ఉంది, ఇవాళ తెచ్చాను.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, మధ్యాహ్నం సమావేశంలో ఒక తీర్మానం రాబోతోంది. సభ్యులందరూ తమ ఆఫీసుల్లో తీసేసే లాప్‌టాప్‌లు బడికి ఇవ్వాలని. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది, కాబట్టి ఈ సంవత్సరం చాలా ఆఫీసులు బోలెడు తీసేస్తాయి. తీర్మానానికి నేను చేయెత్తుతాను. చిన్న సవరణ మాత్రం అడుగుతాను. ఇచ్చేముందు ఒక్కోదాన్నీ గోదారి మీద నడిపించాలి. అంతర్వేది చేరినదే బడికి. చేరనిది ఎందుకు చేరలేదో చూసి, ర్యామ్ వేస్తే చేరుతుందంటే వేసి ఇవ్వాలి. దేనికీ చేరదంటే ఇవ్వకూడదు, మన ఇంట్లో చెత్త బడికి పంపినట్టవుతుంది. ఎన్ని వచ్చాయన్నది ఫలకం మీద వద్దు. ఉన్న ఫలకాన్ని ఏం చేయాలో హెడ్మాస్టారు గారికే వదిలేస్తున్నాను.

నాలుగింటికి కంప్యూటర్ గది తెరిచి ఉంటుంది. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఛార్జర్ కూడా పట్టుకుని రండి. నేను, ఆ కుర్రాడు, మేడం గారు అక్కడే ఉంటాం, త్ర్యంబకం నుంచి మొదలుపెడదాం.