తెర మీదికి రాని మనిషి

మాస్టారి స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు, ఆయనకు ప్రాణమైన నాటకం గురించే మాట్లాడమన్నారు. ఏ నాటకమన్నది నాకే వదిలేశారు. నేను ఎంచుకున్న నాటకంలో ఎవరి చుట్టూ కథ తిరుగుతుందో ఆ మనిషి ఒక్కసారీ రంగస్థలం మీదికి రాడు. అతని పేరేమిటో మనకు తెలియదు. తెల్లవారితే ఉరి తీస్తారని మాత్రం తెలుసు.

అది బ్రెండన్ బీహన్ రాసిన 'ద క్వేర్ ఫెలో'. డబ్లిన్ జైళ్లలో ఉరిశిక్ష పడ్డవాణ్ణి ఖైదీలు అలా పిలిచేవారు. బీహన్‌ది ఇళ్లకు రంగులు వేసే కుటుంబం. పదహారేళ్ల వయసులో పేలుడు సామగ్రితో లివర్‌పూల్‌లో పట్టుబడ్డాడు. 1942లో డబ్లిన్‌లో పోలీసుల మీద కాల్పులు జరిపినందుకు పద్నాలుగేళ్ల శిక్ష పడింది. 1946లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు. మౌంట్‌జాయ్ జైల్లో అతనున్న రోజుల్లోనే, 1943లో, సోదరుణ్ణి చంపిన నేరానికి ఒక మనిషిని అక్కడే ఉరి తీశారు. నాటకానికి విత్తు అదే.

ఐర్లండ్ జాతీయ రంగశాల అబ్బే ఈ నాటకాన్ని తిప్పి పంపింది. 1954 నవంబరు 19న, అరవై మందికి మించి పట్టని పైక్ అనే చిన్న థియేటర్లో తొలిసారి ఆడారు. అంతకు ఏడు నెలల ముందే, ఏప్రిల్ 20న, మౌంట్‌జాయ్‌లో ఒకర్ని ఉరి తీశారు. ఐర్లండ్‌లో అదే చివరి ఉరి అవుతుందని అప్పుడెవరికీ తెలియదు. ఆ ఉరి తీసిన తలారి పియర్‌పాయింట్ ఇంగ్లండ్ నుంచి వచ్చాడు. బ్రిటిషువాళ్లను పంపించి ముప్పై ఏళ్లు దాటినా, మెడకు తాడు వేయడానికి వాళ్ల మనిషినే పిలిపించుకున్నారు. బీహన్‌కు ఇది బాగా తగిలింది. అతని నాటకంలోని తలారీ ఇంగ్లండ్ నుంచే వస్తాడు. ఖైదీ బరువును బట్టి తాడు ఎంత పొడవుండాలో లెక్క కడుతుంటాడు, పక్కన సహాయకుడు భక్తిగీతం పాడుతుంటాడు. ఇంత భయంకరమైన రంగం నేను మరే నాటకంలోనూ చదవలేదు.

మిగతావాళ్ల సంగతీ చూడండి. ఖైదీలు గొయ్యి తవ్వుతారు. ఉరికంబానికి నడిపించే ఊరేగింపును ఒకడు గుర్రప్పందెం వ్యాఖ్యానంలా చెబుతాడు. సమాధిరాయి మీద నంబరు చెక్కేటప్పుడు, తొమ్మిది కంటే ఏడు సులువని అంకె మార్చేస్తారు. చచ్చిపోయినవాడి ఉత్తరాలు పత్రికకు అమ్ముకోవాలని పోటీ పడతారు. వీళ్లెవరూ దుర్మార్గులు కారు. ఒక మనిషిని చంపే పనిని పదిమందికి పంచితే ఎవరి చేతికీ నెత్తురంటినట్టుండదు. బీహన్ పట్టుకున్నది దీన్నే. వాదన చేసే పాత్ర ఒక్కటే, రీగన్ అనే వార్డరు. అతనూ తన డ్యూటీ మానడు.

లండన్‌లో దర్శకురాలు జోన్ లిటిల్‌వుడ్ ఈ నాటకాన్ని 1956 మే 24న ప్రదర్శించింది. ఆ ఫిబ్రవరిలోనే అక్కడి కామన్స్ సభ ఉరిశిక్ష వద్దని ఓటు వేసింది. జూలైలో ప్రభువుల సభ దాన్ని తోసేసింది. ప్రేక్షకులు నాటకం చూసింది ఆ రెండు ఓట్ల నడుమ. ఐర్లండ్ 1964లో ఉరిని కొన్ని నేరాలకే పరిమితం చేసి, 1990లో పూర్తిగా తీసేసింది. 2001లో ప్రజాభిప్రాయసేకరణతో రాజ్యాంగంలోనే నిషేధించింది.

మన దగ్గర తాడు ఇంకా చట్టంలో ఉంది. 1975 డిసెంబరు 1న నక్సలైట్ ఉద్యమకారులైన భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీసిన హైదరాబాదులోని ముషీరాబాదు జైలు ఇప్పుడు లేదు. ఆ చోట గాంధీ ఆస్పత్రి ఉంది. అటు వెళ్లినప్పుడల్లా, ఆ తెల్లవారుజామున తలుపు తీసినవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు, గడియారం చూసినవాళ్లు ఇంటికెళ్లి ఏం మాట్లాడి ఉంటారా అనుకుంటాను.

మన నాటక సమాజాల్లో ఏదో ఒకటి ఈ నాటకాన్ని తెలుగులో ఆడాలని మాస్టారి పేరు మీద అడుగుతున్నాను. ఆడేవాళ్లకు ఒక్క విన్నపం. ప్రేక్షకులకు జాలి కలగాలని ఆ ఖైదీని వేదిక మీదికి తేకండి. గొయ్యి తవ్వేవాళ్లను మాత్రం ముందు వరసకు దగ్గరగా నిలబెట్టండి.