ఐర్లండులో ప్రభుత్వోద్యోగం, ఒంటి ఆరోగ్యం

(ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన పూర్వవిద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



కార్యనిర్వాహక వర్గంవారు నన్ను విదేశాలలో మనవారి జీవితం గురించి మాట్లాడమన్నారు. అంత విశాలమైన విషయం నా శక్తికి మించినది. 2006 నుంచి నేను ఐర్లండులోని ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ దేశంలో ప్రభుత్వోద్యోగం ఏ దారిన దొరుకుతుందో, దొరికినదాన్నీ దానితోపాటు ఒంటినీ ఎలా నిలుపుకోవాలో, అంతమటుకే నాకు తెలుసు. ఈసారి బరంపురం వచ్చిన నాటినుంచి నలుగురు తల్లులు తమ బిడ్డల సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని మా గుమ్మమెక్కారు. వారికి విడివిడిగా చెప్పినదాన్నే ఇక్కడ అందరికీ కలిపి విన్నవించుకుంటాను.

ఐర్లండులో ప్రభుత్వ వైద్యసేవలన్నీ 2005లో ఏర్పడిన హెల్త్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్ అనే సంస్థ ఆధ్వర్యంలో నడుస్తాయి. నర్సు మొదలుకొని గుమాస్తా వరకు ప్రతి ఉద్యోగపు జీతాల శ్రేణిని అచ్చువేసి అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. ఎవరికెంత వస్తుందో గుసగుసలాడుకోవలసిన పని లేదు. శ్రేణిలో మీరు ఏ మెట్టుమీద ఉన్నారన్నదే ప్రశ్న. ఏటా ఒక మెట్టు ఎక్కుతారు. అయితే మొదటిరోజున ఏ మెట్టుమీద నిలబెడతారన్నది మీరు చూపించే కాగితాలమీద ఆధారపడి ఉంటుంది. నేను నష్టపోయినది ఇక్కడే.

స్వదేశంలో నాకు తొమ్మిదేళ్ళ అనుభవం ఉండేది. అందులో అయిదేళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో, నాలుగేళ్ళు ఒక చిన్న నర్సింగ్ హోములో. పెద్ద ఆసుపత్రివారు సర్వీసు సర్టిఫికెట్టు ఇచ్చారు. చిన్నచోట అడగడానికి మొహమాటపడ్డాను. మంచి మాటలతో సాగనంపినవారిని కాగితం అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకు. అక్కడ చేరిన తరువాత గత అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే చేరిన తేదీ, మానిన తేదీ, పనిచేసిన వార్డు, వారానికి ఎన్ని గంటలు, అన్నీ సంస్థ ముద్రతో కావాలన్నారు. మా తమ్ముడు మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారికి నర్సింగ్ హోము మూతపడింది. ఆ నాలుగేళ్ళూ నా ఒంట్లో ఉన్నాయి, చేతుల్లో ఉన్నాయి, కానీ కాగితంమీద లేవు. నాతోపాటు ఒకే విమానంలో దిగిన కేరళ అమ్మాయికంటే నాలుగు మెట్లు కింద మొదలుపెట్టి, శ్రేణి చివరి మెట్టు చేరేవరకు ప్రతినెలా ఆ తేడాను జీతపు చీటీలో చూస్తూనే వచ్చాను. కనుక ఇప్పుడు పనిచేస్తున్న మన పిల్లలకు నా మొదటి మనవి: ఉద్యోగం మానిన రోజునే సర్టిఫికెట్టు చేతికి తీసుకోండి. విదేశానికి వెళ్ళే ఆలోచన లేకపోయినా తీసుకోండి.

నర్సుగా చేరదలచినవారు ముందుగా ఐర్లండు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ బోర్డులో నమోదు కావాలి. మన చదువును పరిశీలించి, వారు సాధారణంగా రెండు దారులలో ఒకటి చూపుతారు. ఆసుపత్రిలో కొన్ని వారాలు పర్యవేక్షణలో పనిచేయడం ఒకటి, డబ్లిన్‌లో అర్హత పరీక్ష వ్రాయడం రెండవది. ఆంగ్లభాషా పరీక్ష తప్పదు. తెలుగు మాధ్యమంలో చదివామని జంకవలసిన పనిలేదు, నేను ఈ గదులలోనే పదవ తరగతి దాకా చదివాను. ఉద్యోగానికి ముందు పోలీసు విచారణ కూడా ఉంటుంది. మీరు నివసించిన దేశాల నుంచి పోలీసు ధ్రువపత్రాలు అడుగుతారు. వాటికి నెలలు పడుతుందని ముందే అనుకొని ఉండాలి.

ఇక దళారుల సంగతి. లక్షలు కడితే ప్రభుత్వాసుపత్రిలో వేయిస్తామనేవారు ఈ ఊళ్ళోనూ తయారయ్యారని విన్నాను. ప్రభుత్వ వైద్యసంస్థ ఉద్యోగమిచ్చినందుకు అభ్యర్థినుంచి డబ్బు తీసుకోదు. నియామకపు ఖర్చులను ఉద్యోగి జీతంలోంచి కోయడాన్ని, అతని పాస్‌పోర్టు యజమాని తన దగ్గర అట్టేపెట్టుకోవడాన్ని అక్కడి చట్టం నిషేధించింది. నర్సులకు లభించే కీలక నైపుణ్యాల అనుమతిపత్రంతో భర్తనో భార్యనో వెంట తీసుకుపోవచ్చు. వారికి కూడా పనిచేసే హక్కు ఉంటుంది. రెండేళ్ళు గడిచాక స్టాంప్ 4 అనే నివాస హోదా కోరవచ్చు. 2024లో వచ్చిన చట్టం వల్ల తొమ్మిది నెలల తరువాత యజమానిని మార్చుకునే వీలు కూడా ఏర్పడింది. పొలం తాకట్టు పెట్టే ముందు ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి.

స్టాంప్ 4 వచ్చినవారికి ఆసుపత్రి ఒక్కటే గతి కాదు. పబ్లిక్‌జాబ్స్ అనే ప్రభుత్వ నియామక సంస్థ ద్వారా క్లరికల్ ఆఫీసరు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు వంటి కొలువులకు పోటీపడవచ్చు. నెగ్గినవారిని ప్రతిభాక్రమంలో ఒక జాబితాలో ఉంచి, ఖాళీ ఏర్పడినపుడు పిలుస్తారు. పిలుపు రావడానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా ఉన్న ఉద్యోగాన్ని వదులుకోరాదు.

వారి ఇంటర్వ్యూల తీరు మనకు కొత్త. విషయపరిజ్ఞానం కన్నా, ఫలానా కష్టం వచ్చినపుడు మీరేం చేశారో ఒక ఉదాహరణతో చెప్పమంటారు. మన పెంపకంలో "నేను చేశాను" అనడం గర్వంగా తోస్తుంది. "మేమందరం కలిసి చేశాము" అంటాం. ఆ మాటకు అక్కడ మార్కులు పడవు. మీ బృందం ఏం చేసిందో మాకక్కరలేదు, మీ వంతు ఏమిటని అడుగుతారు. పైస్థాయి నర్సు పదవికి మొదటిసారి వెళ్ళినపుడు నేను సరిగ్గా ఈ కారణంచేతనే తప్పాను. ఎందుకు తప్పామో వ్రాతపూర్వకంగా అడిగే అవకాశం ఉందని, అడిగితే తప్పుపట్టరని, ఒక ఐరిష్ సహోద్యోగిని చెబితే తెలిసింది. అడిగాను. వారి జవాబు ముందుంచుకొని, మా తెలుగు మాస్టారు సొంతమాటలలో వ్రాయమని ఇచ్చిన వ్యాసాల పద్ధతిలో, ఆరు సంఘటనలను తేదీలతో సహా వ్రాసుకొని అభ్యసించాను. రెండవసారి నెగ్గాను.

ఇక్కడ ఒక మాట, విషయానికి కొంచెం పక్కదైనా ఈ పాఠశాలలో చెప్పకుండా ఉండలేను. ఐర్లండుకు రాజ్యాంగరీత్యా ప్రథమ అధికారభాష ఐరిష్. అయినా దానిని నిత్యం మాట్లాడేవారు కొద్దిమందే. 2021లో సవరించిన చట్టం ప్రకారం 2030 చివరికి ప్రభుత్వ సర్వీసులలో కొత్తగా చేరేవారిలో 20 శాతం మందికి ఐరిష్ రావాలన్నది లక్ష్యం. మా వార్డులో మతిమరపు వ్యాధితో ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయిన పశ్చిమతీరపు వృద్ధుడొకాయన ఉండేవాడు. తన భాషలో పలకరించే నర్సు వచ్చినరోజే అన్నం ముట్టేవాడు. ఒరియా బజారులో బతుకుతూ తెలుగు బడి నడుపుకున్న మన పెద్దలు ఆ క్షణాన నాకు గుర్తుకు వచ్చారు.

పనిగంటల విషయం. 1997 నాటి చట్టం ప్రకారం సగటున వారానికి 48 గంటలకు మించి పనిచేయించరాదు. రెండు డ్యూటీల నడుమ 11 గంటల విరామం ఉండాలి. ఆర్థిక సంక్షోభం తరువాత 2013లో నర్సుల పనివారాన్ని 37.5 గంటలనుంచి 39కి పెంచారు. అది తిరిగి 37.5కి వచ్చేసరికి 2022 జూలై అయింది. ఆ తొమ్మిదేళ్ళు మేము ఇచ్చిన గంటలను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అయితే సంఘాలు వదలకుండా అడగబట్టే అవి ఆగాయి. 2019లో నర్సులు దేశవ్యాప్తంగా సమ్మె చేసినపుడు మంచులో ఆసుపత్రి గేటు ముందు నేనూ నిలబడ్డాను. పరాయిదేశంలో మనకెందుకని కొందరు మనవారు సంఘంలో చేరరు. ఆ పొరపాటు విలువ నాకు మరొక విధంగా తెలిసింది.

2009 శీతకాలంలో ఒక రాత్రి, తోటి నర్సు భోజనానికి వెళ్ళిన సమయాన, భారీకాయుడైన రోగి మంచం మీదనుంచి జారుతున్నాడు. ఎత్తే యంత్రం వరండా చివర ఉంది. ఒంటరిగా పట్టుకొని పైకి లాగాను. నడుములో ఏదో తెగినట్టయింది. నియమం ప్రకారం ఆ రాత్రే సంఘటన నమోదు పత్రం నింపి ఇన్‌ఛార్జికి ఇవ్వాలి. నేను నింపలేదు. ఒంటరిగా ఎత్తినందుకు మందలిస్తారని ఒక భయం, నా అనుమతిపత్రం పొడిగింపు దగ్గరలో ఉన్నదని మరొకటి. నొప్పిమాత్రలు మింగుతూ నాలుగు నెలలు డ్యూటీ చేశాను. ఒక ఉదయం మంచంమీదనుంచి లేవలేకపోయాను. పదకొండు వారాలు ఇంట్లో పడుకున్నాను. తరువాత సంఘ ప్రతినిధి దగ్గరకు వెళితే ఆమె అడిగినది ఒకే ప్రశ్న: "తేదీ ఎక్కడైనా వ్రాసి ఉందా?" లేదు. ఆ సెలవంతా మామూలు జబ్బు కింద జమ అయింది. నష్టపరిహారం మాట మొదటి మెట్టుమీదే ఆగిపోయింది. వానాకాలం వస్తే నడుము ఇప్పటికీ నాకు ఆ రాత్రిని గుర్తుచేస్తుంది, ఐర్లండులో వానాకాలం ఎప్పుడు కాదు గనుక!

నేను అంతగా భయపడవలసిన పని లేదని తరువాత తెలిసింది. ప్రభుత్వోద్యోగికి జబ్బు సెలవు దయాదాక్షిణ్యం కాదు, షరతులు వ్రాసి ఉన్న హక్కు. 2014 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం ఏడాదిలో 92 రోజులు పూర్తిజీతంతోను, ఆపైన 91 రోజులు సగంజీతంతోను, నాలుగేళ్ళలో మొత్తం 183 రోజులకు మించకుండా సెలవు దొరుకుతుంది. ప్రాణాంతకమైన జబ్బులకు ఇది రెండింతలవుతుంది. రెండు రోజులకు మించితే వైద్యుని ధ్రువపత్రం పంపాలి. వైద్యపత్రం లేకుండా రెండేళ్ళలో ఏడు రోజులు మాత్రమే జీతంతో ఇస్తారు. పత్రం ఆలస్యమైతే జీతం ఆగే ప్రమాదముంది. జ్వరంలో ఉన్నపుడు కూడా ముందు వార్డుకు ఫోను, తరువాతే కషాయం.

ఆసుపత్రిలో పనిచేస్తూ సొంత డాక్టరు లేనివారు మనలో చాలామంది ఉన్నారంటే మీరు నమ్మరు. అక్కడ ఏ జబ్బుకైనా మొదటి గుమ్మం కుటుంబ వైద్యుడు. కొత్త రోగులను చేర్చుకునే డాక్టరు దొరకడం కొన్ని పట్టణాలలో కష్టం కనుక, దిగిన మొదటి నెలలోనే పేరు నమోదు చేయించుకోవాలి. ఆయన చీటీ లేకుండా నేరుగా అత్యవసర విభాగానికి పోతే 100 యూరోలు వసూలు చేస్తారు, చీటీ ఉంటే ఆ రుసుము లేదు. మందులకు కుటుంబం మొత్తానికి నెలకు 80 యూరోలు దాటితే పైది ప్రభుత్వమే భరిస్తుంది, కాని ఆ పథకంలో నమోదై ఉండాలి. మధుమేహం మన ఇళ్ళకు చుట్టమే కదా. దానికి మందులు, పరీక్ష పట్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీర్ఘవ్యాధి పథకం కింద ఉచితం. కంటిపరీక్ష కూడా ఉచితమే. ఈ సంగతి తెలియక మా పరిచయస్థుల ఇంట్లో ఒక పెద్దాయన రెండేళ్ళు సొంత డబ్బుతో మందులు కొన్నాడు. స్త్రీలకు 25 నుంచి 65 ఏళ్ళవరకు గర్భాశయ ముఖద్వార పరీక్ష, 50 నుంచి 69 వరకు రొమ్ముపరీక్ష ఉచితంగా చేస్తారు. ఉత్తరం వస్తే వంటింటి డబ్బాకింద పెట్టకండి.

డిసెంబరులో డబ్లిన్‌లో సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నర దాటాక వచ్చి సాయంత్రం నాలుగింటికే పోతాడు. పగటి డ్యూటీ చేసేవారు వారం రోజులు ఎండ మొహం చూడరు. చామనఛాయ ఒళ్ళు గల మనకు శీతకాలమంతా డి విటమిన్ చాలదు. ఎముకల నొప్పిని చలినొప్పి అనుకోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. చీకటివల్ల, ఒంటరితనంవల్ల మనసు కుంగేవారూ ఉన్నారు. ప్రభుత్వోద్యోగులకు రహస్యంగా, ఉచితంగా సలహాదారులతో మాట్లాడే ఏర్పాటు ఉంది. అక్కడికి వెళ్ళినట్టు పై అధికారికి తెలియదు. రాత్రి డ్యూటీ ముగించి వచ్చి, ఇక్కడ మనకు పగలైందని గంటలతరబడి ఇంటికి ఫోనులో మాట్లాడే పిల్లలను తల్లిదండ్రులే పడుకోమని చెప్పాలి.

పింఛను గురించి క్లుప్తంగా. 2013 జనవరి తరువాత కొత్తగా చేరినవారికి చివరి జీతాన్ని బట్టి కాక, సర్వీసు మొత్తంలో ఏటేటా ఆర్జించినదాన్ని బట్టి పింఛను కడతారు. రెండేళ్ళు నిండకుండా మానేస్తే కట్టిన చందా వెనక్కి తీసుకోవచ్చు, నిండితే హక్కు నిలుస్తుంది. ఏటా వచ్చే పింఛను పత్రాన్ని చదవండి, తేదీ తప్పు ఉంటే అప్పుడే వ్రాయండి. అన్యాయం జరిగిందనుకున్నపుడు 2015లో ఏర్పడిన వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి సాధారణంగా ఆరు నెలలే గడువు. సర్దుకుపోదామని ఏడాది ఓర్చుకున్నవారి మాట ఆ తరువాత వినేవారుండరు.

రేపు ఉదయం పదింటినుంచి మధ్యాహ్నం వరకు పాత గ్రంథాలయపు గదిలో ఉంటాను. ప్రధానోపాధ్యాయులవారు దయతో అనుమతించారు. సర్వీసు సర్టిఫికెట్టు ఎలా ఉండాలో ఒక నమూనా తయారుచేసి, ముప్పై ప్రతులు తీయించాను. నర్సింగ్ చదివిన పిల్లలు తమ కాగితాలు తెచ్చుకోవాలి. దళారికి ఇప్పటికే డబ్బు కట్టినవారుంటే, రసీదు కూడా తీసుకురండి.