ఆంగ్ల సంభాషణాభ్యాసము – అమెరికా నిత్యజీవిత పఠనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన పని కాదు. దీపము వెలిగించుట సులభము. ప్రతి సాయంకాలము దానికి నూనె పోయువారు దొరకుట కష్టము. అట్టివారందరికిని నమస్కరించి, నాకు నిర్ణయింపబడిన విషయమునకు వచ్చెదను. నిత్యవ్యవహారమునకు వలసిన ఆంగ్లమును మాటలాడి అభ్యసించుట, అమెరికా ప్రజల దైనందిన జీవితమును గూర్చి చదువుట అను రెండు సంగతులను గూర్చి నేను మాటలాడవలెను. జల్‌పల్లి గ్రంథాలయమునకు వీనితో ఏమి పని యని కొందరికి తోచవచ్చును. పని గలదనియే నా మనవి.

మనము అమెరికాకు పోకున్నను అమెరికా మన పొలిమేరకు వచ్చియున్నది. మన ఇబ్రహీంపట్నము ప్రాంతమున ఆదిభట్లలో టాటా వారును అమెరికాకు చెందిన బోయింగ్ వారును కలిసి స్థాపించిన కర్మాగారము 2018లో ప్రారంభమైనది. అపాచీ హెలికాప్టరు యొక్క మధ్యదేహము అచ్చట తయారగుచున్నది. ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు అనేకము వెలసినవి. మన జిల్లాలోని శంషాబాదులో విమానాశ్రయమును, హైదరాబాదులో అమెరికా కాన్సులేటును 2008లోనే వచ్చినవి. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చిన పిదప మన వైద్యులు, ఇంజనీర్లు ఆ దేశమునకు పోవుట హెచ్చినది. తరువాత కంప్యూటరు విద్య నేర్చినవారు పెద్దసంఖ్యలో పోయిరి. 2010 మొదలు 2017 వరకు అచ్చట ఇంట తెలుగు మాటలాడువారి సంఖ్య 86 శాతము పెరిగినదని ఆ దేశపు జనాభా లెక్కల ఆధారముతో ఒక అధ్యయనము తేల్చినది.

ఇది సంతోషించదగినదే. కాని దీని వెనుక ఒక మౌనమును గలదు. ఇంజనీరు పట్టా చేతబట్టిన యువకుడు క్రొత్తవాడు అడిగిన చిన్న ప్రశ్నకు రెండు వాక్యములు కూర్చి చెప్పలేక తలవంచుకొనుచున్నాడు. కుమార్తె కాన్పునకని సముద్రములు దాటిపోయిన తల్లి, పొరుగింటి స్త్రీ నవ్వుచు పలుకరించినను బదులు చెప్పలేక తలుపు వేసికొనుచున్నది. టెలిఫోనులో మనుమడు ఆంగ్లమున ముద్దుగా ఏమో చెప్పగా, తాతగారు "ఆ, ఆ" అని ఊకొట్టి ఊరకుండుచున్నారు. వీరెవ్వరును తెలివి తక్కువవారు కారు. అభ్యాసము చేయుటకు వీరికొక చోటు లేదు, అంతియే లోపము.

మన ప్రాంతపు పెద్దలు ఉర్దూ ఎట్లు నేర్చిరో ఆలోచింపుడు. నిజాము ప్రభుత్వమున కచేరీ భాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే జరిగెను. ఆ విశ్వవిద్యాలయమును కన్నెత్తియైన చూడని రైతులు, గొల్లలు, చేనేతవారు, కూరగాయలమ్ము స్త్రీలు సంతలో ఉర్దూ నేర్చుకొనిరి. వారికి వ్యాకరణ పుస్తకములు లేవు. పుంలింగమును స్త్రీలింగముగా పలికినను బేరము కుదిరినది, బండి కదలినది. నేటికిని పహాణీ, జమాబందీ, దస్తావేజు, తహసీలుదారు అను మాటలు మన తెలుగులో కాపురమున్నవి. చెవితో విని, అవసరమునకు పలికి, తప్పులను పలుకుచునే దిద్దుకొనుట వారి పద్ధతి.

ఆంగ్లమును మాత్రము మనము తలక్రిందులుగా నేర్చితిమి. మొదట కన్నులతో అక్షరములు చూచితిమి. పిదప చేతితో వ్రాసితిమి. పరీక్షకై కంఠస్థము చేసితిమి. మాటలాడుటను చిట్టచివరకు నెట్టితిమి. గట్టుపై కూర్చుండి ఈతను గూర్చిన పుస్తకమును ఎంత చదివినను ఫలమేమి? చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చుకొనెను. పండితుల పుస్తకములతో తృప్తిపడక జనుల నోటి పలుకులను గూడ సేకరించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించి, దరిమిలా మనకు నిఘంటువులను సమకూర్చెను. ఆయన మన భాషకు చేసిన మర్యాదనే మనము ఆయన భాషకు చేయవచ్చును.

ఆంగ్లమునకు లక్షల పదములున్నవని భయపడనక్కరలేదు. ఓగ్డెన్ అను పండితుడు 1930లో 850 పదములతో "బేసిక్ ఇంగ్లీషు" అను పద్ధతిని ప్రకటించెను. "వాయిస్ ఆఫ్ అమెరికా" అను రేడియో సంస్థ 1959 అక్టోబరు 19న నేర్చుకొనువారికై "స్పెషల్ ఇంగ్లీషు" ప్రసారములను ఆరంభించెను. సుమారు 1500 పదములతో, చిన్న వాక్యములతో, నెమ్మదిగా చదువుచు వారు ప్రపంచ వార్తలనే చెప్పగలిగిరి. దినమునకు పది పదముల చొప్పున నేర్చినచో అయిదు మాసములలో ఆ 1500 పదములును మన వశమగును. ఇది ఏ ఇల్లాలికిని, ఏ సేద్యగానికిని మించిన పని కాదు.

తెలుగువారి నాలుకకు తగిన జాగ్రత్తలు కొన్ని చెప్పెదను. మన మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. అందుచేతనే బస్ మనకు బస్సు అయినది. పెన్ పెన్ను అయినది. తెలుగులో అది అందమే. ఆంగ్లము పలుకునపుడు మాత్రము ఆ కడపటి ఉకారమును విడిచి, హల్లుతోనే ఆపవలెను. మనము క్రియను వాక్యము చివర నుంతుము. ఆంగ్లమున అది కర్త వెనువెంటనే వచ్చును. కావున తెలుగు వాక్యమును మనసులో కూర్చుకొని మాటకు మాటగా మార్చబోయినవాడు నడుమనే చిక్కుపడును. చిన్న ఆంగ్ల వాక్యములను ముక్కలు చేయక, ఉన్నదున్నట్లు నోటికి తెచ్చుకొనుట మేలు.

మర్యాద యొక్క మార్గమును వేరు. మన గౌరవము "మీరు" అనుటలోను, "అండి" చేర్చుటలోను ఇమిడియున్నది. ఆంగ్లమున చిన్నకును పెద్దకును "యూ" ఒక్కటే. కావున వారి మర్యాద "ప్లీజ్", "థాంక్యూ" అను మాటలలో చేరినది. మంచినీళ్లిచ్చిన తల్లికి మనము కృతజ్ఞతలు చెప్పము. చెప్పినచో ఆమె చిన్నబుచ్చుకొనును. అమెరికా గృహములలో భార్యాభర్తలు సైతము ఉప్పుగిన్నె అందించినందుకు "థాంక్యూ" అనుకొందురు. మనము "భోజనమైనదా?" అని పలుకరింతుము. అదే ప్రశ్నను ఆంగ్లమున అడిగినచో, అమెరికావాడు తనను విందునకు పిలుచుచున్నారని భ్రమపడవచ్చును. వారు "హౌ ఆర్ యూ?" అనినప్పుడు మన మోకాళ్ల నొప్పి చరిత్ర వినగోరి కాదు, అది వారి "భోజనమైనదా?" అన్నమాట.

ఇచ్చటనే చదువు యొక్క అవసరము కనబడును. మన బడులలోని ఆంగ్లము బ్రిటిషువారి నుండి వచ్చినది. మనము పెట్రోలు అనుదానిని అమెరికావారు గ్యాస్ అందురు. లిఫ్టును ఎలివేటరు అందురు. మన గ్రౌండ్ ఫ్లోరే వారికి సాధారణముగా మొదటి అంతస్తు. తేదీ వ్రాయునపుడు మాసమును ముందు, దినమును తరువాత వ్రాయుదురు. నేడు ఎండ ఎనుబది డిగ్రీలని వారు చెప్పిన బెదరనక్కరలేదు. వారి ఫారన్‌హీటు కొలతలో ఎనుబది మన కొలతలో సుమారు ఇరువదియేడు. ఇట్టివి నిఘంటువును చూచినంత మాత్రమున మనసున నాటవు. ఆ జీవితమును గూర్చి చదివినపుడే నాటును.

కొన్ని పుస్తకములను సూచించెదను. మార్క్ ట్వేను 1876లో ప్రకటించిన టామ్ సాయరు కథను నండూరి రామమోహనరావుగారు హృద్యమైన తెలుగులో మనకందించిరి. కంచెకు సున్నము వేయు శిక్షను గొప్ప వేడుకగా నటించి, ఆ పనిని తోటి పిల్లలచేతనే చేయించిన టామ్ మన వీధిలోని తుంటరి పిల్లవాడే. ముందు తెలుగులో చదివి, పిదప సులభమైన ఆంగ్లములో చదివినచో కథయే చేయిపట్టుకొని నడిపించును. లారా ఇంగల్స్ వైల్డరు తన చిన్ననాటి సేద్యపు కుటుంబమును గూర్చిన కథలను 1932 నుండి వెలువరించెను. వెన్న చిలుకుట, పంట కోయుట, చలికాలమునకు తిండి దాచుట అందు చదివిన రైతుబిడ్డకు ఆ దేశము పరాయిదిగా తోచదు.

పుస్తకములు ఆ దేశపు చీకటిని గూడ దాచలేదు. బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లసుకు చదువు నేర్పుటను యజమాని నిషేధించెను. అంతట ఆ బాలుడు బాల్టిమోరు వీధులలోని పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి, వారివద్ద చదువు నేర్చుకొనెను. 1845లో అచ్చయిన ఆత్మకథలో ఆయనయే దీనిని వ్రాసెను. అమెరికా స్వర్గమనియు, అచ్చట ధనము చెట్లకు కాయుననియు నమ్మువారు ఆ గ్రంథమును తప్పక చదువవలెను. నేటి జీవితమునను కష్టములున్నవి. వంటయు, పాత్రలు కడుగుటయు సామాన్యముగా ఎవరికి వారే చేసికొందురు. అనేక ప్రాంతములలో కారు లేనిదే అంగడికి పోజాలరు. వైద్యపు ఖర్చునకు మధ్యతరగతివారును వెరతురు. ఇవి తెలిసి పోవు యువకుడు నిలద్రొక్కుకొనును. తెలియక పోవువాడు మొదటి చలికాలముననే బెంగపడును.

బెంజమిన్ ఫ్రాంక్లిను అచ్చుకూటమున పనిచేసిన కుఱ్ఱవాడు. అతడు మంచి ఆంగ్ల వ్యాసమును చదివి, ప్రతి వాక్యపు భావమును రెండు మూడు మాటలలో గుర్తు వ్రాసికొని, కొన్ని దినములు ప్రక్కనుంచి, పిదప ఆ గుర్తులనుబట్టి స్వంత వాక్యములతో తిరిగి వ్రాసి, మూలముతో పోల్చి దిద్దుకొనెడివాడు. మన విద్యార్థులకు ఇంతకంటె మంచి సాధనము లేదు. ఆ ఫ్రాంక్లినే 1731లో ఫిలడెల్ఫియాలో స్నేహితులవద్ద చందాలు వసూలు చేసి గ్రంథాలయము నెలకొల్పెను. చందాదారులారా! మీరును ఆ కోవలోనివారే.

ఇక తెలుగు మాట. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు ఈ గడ్డపై తెలుగునకు నీడయే కరవు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొని ఊరూర తిరిగిరి. వారి కష్టఫలమును ఆంగ్లమునకు బలియిచ్చుట నా అభిప్రాయము కాదు. చక్కని తెలుగులో ఆలోచింపగలవానికే పరభాష చక్కగా పట్టుబడును. 2022–23 విద్యాసంవత్సరము నుండి మన ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఇంట ఆంగ్లము వినని బిడ్డ బడిలో ఆంగ్ల పాఠమును ఎదుర్కొనుచున్నది. ధనవంతుని బిడ్డకు ఇంటి ఉపాధ్యాయుడు గలడు. కూలివాని బిడ్డకు ఈ గ్రంథాలయము గాక మరియెవ్వరు దిక్కు?

కావున నేను కోరునది స్వల్పము. వారమునకు మూడు దినములు, దినమునకొక గంట, ఈ మందిరమున ఆంగ్ల సంభాషణ జరుగవలెను. స్త్రీలకు అనువగు మధ్యాహ్నవేళ వారికి వేరుగా ఒక గంట కేటాయింపవలెను. బస్సు ఎక్కుట, బ్యాంకులో అడుగుట, వైద్యునకు బాధ చెప్పుట, టెలిఫోనులో పలుకుట – దినమునకొక్క సందర్భము చాలును. ఒకరు దుకాణదారుగాను, ఒకరు కొనువారుగాను నటింపవలెను. ఒక పుట అందరు వినునట్లు బిగ్గరగా చదువవలెను. కళాశాలలకు పోవు మన గ్రామపు యువతీయువకులే ఉపాధ్యాయులు; విదేశమునుండి సెలవులకు వచ్చినవారు తమ నిత్యజీవితమును గూర్చి ఒక పూట చెప్పిపోవలెను. నియమము ఒక్కటే: ఎవరు తప్పు పలికినను నవ్వరాదు. ఒక్క నవ్వు పది దినముల అభ్యాసమును చెరచును. తప్పును దిద్దువాడు వాక్యమును సరిగా తిరిగి పలికిన చాలును.

నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలనిరి. ఈ గ్రంథాలయపు బల్లలచుట్టు వచ్చే వారమునుండియే ఆ సంభాషణ మొదలుకావలెననియు, స్వర్ణోత్సవము నాటికి నేటి బాలబాలికలు ఈ వేదికనుండి తెలుగున ఒకరు, ఆంగ్లమున ఒకరు నిస్సంకోచముగా ప్రసంగింపవలెననియు కోరుచున్నాను.