పరిశోధన పల్లెకు తిరిగి రావలెను

(అమలాపురమున విద్యార్థులయెదుట చేసిన ప్రసంగపాఠము)



విజ్ఞానశాస్త్ర పరిశోధనమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు కోరితిరి. పరిశోధనమనగానే దూరదేశములు, గాజుగొట్టములు, అర్థముకాని సమీకరణములు మనస్సున మెదలును. మనము త్రాగు నీరు, దాటు వంతెన, మ్రింగు మందు పరిశోధనముయొక్క ఫలములేయని వెంటనే తోపదు. ఈ విషయమును కోనసీమకంటె బాగుగ బోధింపగల గడ్డ తెలుగుదేశమున అరుదు. గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రమునానుకొనియున్న ఈ సీమలో ప్రతి యెకరమును నీటితోడి లెక్కపైననే నిలిచియున్నది. ఆ లెక్కను ఎవరు చేయుచున్నారు, ఎవరి భాషలో చెప్పుచున్నారు అనునదే నేడు మీముందుంచుచున్న ప్రశ్న.

మొదట ఇంజనీరింగును చూడుడు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. దాని కీర్తి కాటనుదొరకు చెల్లినది, చెల్లదగినదే. అయినను ఆ పనిలో వీణం వీరన్నగారను తెలుగువారొకరు దొరకు కుడిభుజమై కూలిజనమును సమకూర్చి, పని నడిపించి, రాయబహద్దరు బిరుదమును పొందిరని మనలో నెందరికి తెలియును? గోదావరి యే నెలలో తగ్గును, ఇసుక యేచోట మేటవేయును అను సంగతులు సీమనుండి తెచ్చిన గ్రంథములలో లేవు. ఏటిగట్టున పుట్టి పెరిగినవారి నోటనే వినవలెను.

ఆనకట్ట కట్టినంతమాత్రమున రాజోలు ప్రాంతమునకు నీరు రాలేదు. నగరం లంక వసిష్ఠా వైనతేయల నడుమ ద్వీపమైయున్నది. కాలువను నదిమీదుగనే దాటింపవలసివచ్చెను. గన్నవరమున 49 కమానులపై కట్టిన అక్విడక్టు ఆ కార్యమును నెరవేర్చినది. క్రింద నది, పైన కాలువ! రమారమి నూటయేబది సంవత్సరము లది లంకకు అన్నము పెట్టినది. 2000లో దాని ప్రక్కనే క్రొత్తది కట్టి, అన్నదానమునకు పేరుపడిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట మిక్కిలి ఉచితముగ నున్నది. అయితే నీరు తెచ్చు శాస్త్రమునకు జరిగిన సేవ నీరు తీయు శాస్త్రమునకు జరుగలేదు. మురుగుకాలువలు పూడిపోయి, వానకు చేలు మునిగి, పోటువేళ ఉప్పునీరు ఎదురెక్కి రైతు నష్టపడుచునే యున్నాడు. 2011లో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించినపుడు, గిట్టుబాటుధర లేమితోపాటు ఈ ముంపు బాధయు వారి మొరలో నుండెను.

ఇక వైద్యము. బోదకాలు మన గోదావరి జిల్లాలకు పాతశత్రువు. దానికి మందు కనుగొన్న బృందమునకు నాయకులు మన పొరుగువారే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున పెరిగిరి. మద్రాసు వైద్యకళాశాలలో గాంధిగారి పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టముతో బయటికి రావలసివచ్చెను. 1923లో అమెరికాకు పోయిరి. లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1947లో డైఇథైల్ కార్బమజైను అను బోదవ్యాధి మందును లోకమున కందించినది. మరుసటి సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూసిరి. వారు స్వదేశమునకు తిరిగి రాలేదు. వారి మందు మాత్రము వచ్చినది.

మందు వచ్చినంతనే వ్యాధి పోయినదా? ఈ క్రిమి కాలు వాచనివాని రక్తమునందును దాగియుండును. రాత్రివేళనే రక్తమున విరివిగ తిరుగును. అందుచేతనే పరీక్షకు రాత్రి రక్తము తీయుదురు. మురుగునీట పెరిగిన దోమ దానిని ఒకనినుండి మరియొకనికి చేర్చును. కావున ఆరోగ్యవంతులును ఏటేట మాత్ర మ్రింగవలెనని, 2004 మొదలు దేశమున ఇంటింటికి మాత్రలు పంచు కార్యక్రమము నడచినది. ‘‘నాకేమి జబ్బని మ్రింగవలెను?’’ అని కూలివాడడిగిన ప్రశ్నకు వాని మాటలలో సమాధానము చెప్పినచోట మాత్ర కడుపులోనికి పోవును. చెప్పనిచోట గూటిలోనే యుండిపోవును. అమెరికాలో ముగిసినదనుకొన్న పరిశోధన నిజముగ ముగియవలసినచోటు ఆ గుమ్మమే.

భౌతికశాస్త్రమునకు వత్తము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మీ పెద్దలు మరువలేదు. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో సముద్రముపైనున్న మత్స్యకారులు పెక్కురు. కాట్రేనికోన ప్రక్కనున్న బలుసుతిప్ప వంటి పల్లెలు తల్లడిల్లినవి. కొబ్బరిచెట్లు లక్షలాదిగ కూలినవి. నేడు రాడారులున్నవి, ఉపగ్రహములున్నవి; తుపాను కదలికను గంటగంటకు చెప్పగలరు. కాని గాలి గంటకిన్ని కిలోమీటర్ల వేగమున వీచునని చెప్పిన, తిప్పమీద గుడిసెలోనున్న తల్లికి ఏమి తెలియును? ‘‘ఈ రాత్రి పోటుపై ఉప్పెన తోడై, మీ వీధిలో నీరు నడుములోతు వచ్చును, చీకటి పడకమునుపే బడికి చేరుడు’’ అని చెప్పినయెడల బిడ్డల నెత్తుకొని కదలును. ఈ రెండు మాటల నడుమనున్న దూరమును దాటించుటయు శాస్త్రకార్యమే.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి, ఇరువదిమందికి పైగా దగ్ధమైరి. తడితో కూడిన వాయువు గొట్టమును లోపలినుండి తినివేసెనని విచారణలలో తేలినది. ఇనుము తుప్పుపట్టునని మన ఇల్లాండ్రకును తెలియును. తమ పెరటిక్రింద ఏ గొట్టము పోవుచున్నది, అందేమి పారుచున్నది, వాసన వచ్చిన ఏమి చేయవలెను అనునవి మాత్రము ఆ యూరివారికి వారి భాషలో చెప్పినవారు లేరైరి. భూగర్భమునుండి సంపదను తీయు విద్య యంతయు ఒక భాషలో, దాని అపాయమును భరించు జనమంతయు మరియొక భాషలో ఉన్నంతకాలము ఇట్టి దినములు తప్పవు.

మంచి దృష్టాంతమును చూపవలెనన్న దూరము పోనక్కరలేదు. అంబాజీపేట పరిశోధనస్థానమువారు కొబ్బరికి పట్టిన తెల్లదోమపై మిత్రపురుగులను, మిత్రశిలీంధ్రములను పెంచి ప్రయోగించుచున్నారు. ఆకుపై నల్లని మసి తెల్లదోమ విసర్జించు తీపిరసముపై పెరిగిన బూజేయనియు, తొందరపడి విషమందులు చల్లినయెడల శత్రువుతోపాటు మిత్రుడును చచ్చుననియు రైతునకు తెలుగున చెప్పవచ్చును. ఎరిగినరైతు పరిశోధకునకు తోడగును. ఎరుగనిరైతు మందుల దుకాణమువాని మాట వినును.

‘‘తెలుగున శాస్త్రమునకు పదములెక్కడివి?’’ అందురు కొందరు. పోటు, పాటు, మొగ, తిప్ప, లంక, మేట, చౌడు — ఈ మాటలు ఎవరి శాస్త్రము? నది, సముద్రము, మన్ను ఒకదానితో నొకటి నడుపు వ్యవహారమంతయు వానిలో నున్నది. వ్యవసాయపదములతో భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించినది. అదియు పరిశోధనమే. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను నెలకొల్పి, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను తెలుగున వ్రాయించిరి. హైదరాబాదున 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యమును, ఇంజనీరింగును ఉర్దూలో దశాబ్దములపాటు బోధించిరి. దేశభాషలో ఉన్నతవిద్య అసాధ్యమనువారికి ఇంతకంటె సమాధానమేల? 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములను సమకూర్చినది. గ్రంథములు వచ్చినవి, చదువువారే తగ్గిపోవుచున్నారు.

జగన్నాథ పండితరాయల గ్రామమని పేరొందిన ముంగండ మీకు సమీపమే. అచ్చటి మహీధరవారి వంశమునకు చెందిన నళినీమోహన్‌గారు ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేయుచు, పిడుగును, పంచాంగమును, టెలిఫోనును గూర్చి పిల్లలకును తెలియునట్లు తెలుగున వ్రాసిరి. సంస్కృత శాస్త్రపాండిత్యమునకు పేరుపొందిన యూరు తెలుగు విజ్ఞానరచనకును పేరుపొందినది.

ఇంగ్లీషు వలదని నేననను. లోకముతో మాటలాడుటకు, జీవనోపాధికి అది కావలెను. కాని లోకమునుండి తెచ్చినదానిని ఇంటివారికి చెప్పకుండుట అన్యాయము. మన మన్ను, మన నీరు, మన రక్తము పరీక్షకు తీసుకొనిపోయినవారు దాని ఫలితమును మనకు బాకీపడియున్నారు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాయైనది. ఈ జిల్లాలో జరుగు ప్రతి పరిశోధనముయొక్క సారమును రెండు పుటల తెలుగున ఆ గ్రామపంచాయతిలో నుంచవలెనని మన మేల అడుగరాదు?

అధికారులను అడిగి ఊరకుండిన చాలదు. మీలో భౌతికము చదువువారు మీ కాలువ నీటి ఉప్పదనమును నెలనెల కొలిచి వ్రాసిపెట్టుడు. వైద్యము చదువువారు సెలవులకు వచ్చినపుడు మీ పేటలో ఆ మాత్ర సంగతి చెప్పుడు. భాష చదువువారు పడవవాని మాటలను, దింపువాని మాటలను వారున్నప్పుడే సేకరింపుడు. పట్టము పుచ్చుకొని వెడలిపోవువారు తమ విద్యలో ఒక్క అధ్యాయమునైన తెలుగున వ్రాసి యీ కళాశాల గ్రంథాలయమున కిచ్చి వెడలుడు. అమెరికాలోనున్నను సుబ్బారావుగారి విద్య మన గుమ్మమునకు వచ్చినది. మీరు ఇచ్చటనే యున్నారు. మీ విద్యకు అంత దూరము లేదు.