క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, ఒక బ్రాంచిలో
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో కూర్చుని ఫలహారాల బల్ల వైపు చూస్తున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. త్వరగానే ముగిస్తాను.

సెలవుల్లో చూడదగ్గ క్రిస్మస్ సినిమాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. 'హోమ్ అలోన్' మీ పిల్లలకు కంఠతా వచ్చు, దాని జోలికి పోను. మన దాకా అంతగా రాని వాటి గురించి చెబుతాను.

మొదటిది 'క్యాష్ ఆన్ డిమాండ్'. డ్రాక్యులా సినిమాలకు పేరుపడ్డ హామర్ సంస్థ 1961లో ఇంగ్లండులో తీసిన నలుపు తెలుపు చిత్రం. ఇందులో దయ్యాలు లేవు, బ్రాంచి మేనేజరున్నాడు. (నవ్వకండి, నేనూ పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే.)

అది డిసెంబరు 23. చిన్న ఊళ్ళో బ్యాంకు. మేనేజరు ఫోర్డైస్‌గా పీటర్ కుషింగ్ నటించాడు. ఆయన లోపలికి వస్తే స్టాఫ్ మాటలు ఆగిపోతాయి. హెడ్ క్లర్కు పియర్సన్ ఒక చిన్న పొరపాటు చేశాడు. అది సర్దుకుపోయిన వ్యవహారమే అయినా, ఫోర్డైస్ అతన్ని గదిలోకి పిలిచి ఉద్యోగం పోతుందన్నంతగా మాట్లాడతాడు. తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ నుంచి తనిఖీకి వచ్చానంటూ ఒక పెద్దమనిషి దిగుతాడు. తలుపు మూశాక అసలు సంగతి చెబుతాడు: నీ భార్యా కొడుకూ మా గుప్పిట్లో ఉన్నారు, స్ట్రాంగ్ రూము ఖాళీ చెయ్యడానికి నువ్వే సాయం చెయ్యాలి.

కార్ల ఛేజింగులు లేవు. దాదాపు కథంతా బ్రాంచి నాలుగు గోడల మధ్యే. డికెన్స్ 'క్రిస్మస్ కారల్'లోని పిసినారి స్క్రూజ్ ఛాయ ఈ మేనేజరులో కనిపిస్తుంది. ఎవర్ని పొద్దున్న బెదిరించాడో చివరికి ఆ పియర్సన్ ముందే చేతులు జోడించాల్సిన పరిస్థితి వస్తుంది. అక్కడ నేను సినిమా ఆపేశాను.

ఎందుకంటే నాకూ ఒక పియర్సన్ ఉన్నారు. నాకంటే పెద్దాయన, మా హెడ్ క్యాషియర్. ఒక సాయంత్రం క్యాషులో 500 రూపాయలు తగ్గింది. ఆయన తన జేబులోంచి కట్టేశారు. నేను మాత్రం కౌంటరు ముందు, కస్టమర్లు వింటుండగా, "ఇలా ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది?" అన్నాను. మర్నాడు ఒక కట్టలో అదనంగా దూరిన నోటు దొరికింది. డబ్బు తిరిగి ఇప్పించాను. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆయన రిటైరైన రోజు ఏదో మీటింగు ఉందని వెళ్ళలేదు కూడా.

సరే, రెండో సినిమా. 'ది షాప్ అరౌండ్ ది కార్నర్', 1940. లూబిష్ దర్శకుడు. బుడాపెస్టులో ఒక తోలు సామాన్ల దుకాణం. అందులో పనిచేసే ఇద్దరు పగలంతా కీచులాడుకుంటూ, తెలియకుండానే ఒకరికొకరు ప్రేమలేఖలు రాసుకుంటుంటారు. మా ఇంట్లో అందరికీ నచ్చింది పిరోవిచ్ అనే గుమాస్తా. యజమాని "నీ నిజమైన అభిప్రాయం చెప్పు" అంటే చాలు, మెల్లగా మేడమెట్లెక్కి మాయమైపోతాడు. మన మీటింగుల్లోనూ ఉన్నారు అలాంటివాళ్ళు. క్రిస్మస్ ముందురాత్రి ఆ యజమాని, తనతో భోంచేసే తోడు కోసం దుకాణం బయట నిలబడి ఒక్కొక్కర్నీ అడుగుతాడు. అందరికీ ఎక్కడికో వెళ్ళే పనుంటుంది. చివరికి కొత్తగా చేరిన కుర్రాడు దొరుకుతాడు. ఆ సన్నివేశం ఒక్కదాని కోసమైనా చూడండి.

జపాన్ యానిమేషన్ 'టోక్యో గాడ్‌ఫాదర్స్' (2003) కాస్త పెద్ద పిల్లలతో చూడొచ్చు. ఇల్లూ వాకిలీ లేని ముగ్గురికి చెత్తలో పసిబిడ్డ దొరుకుతుంది. శాంటా వేషంలో దొంగ బ్యాంకుకొచ్చే 'ది సైలెంట్ పార్ట్‌నర్' (1978) మాత్రం పిల్లలు పడుకున్నాకే, హింస ఎక్కువ.

ఆ రాత్రి సినిమా మిగతా భాగం చూసి, మర్నాడు మా క్యాషియరు గారికి ఫోన్ చేశాను. క్షమించమన్నాను. "ఆ సంగతి నాకు గుర్తే లేదు సార్" అన్నారు. కాసేపు ఆగి, "అది మంగళవారం" అన్నారు.

తర్వాత సినిమా కథ అడిగారు, చెప్పాను. "చివరికి ఆ హెడ్ క్లర్కు ఏం చేశాడండీ?" అన్నారు. చెప్పలేదు. వచ్చే ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను.