పిలువని పేరంటము

నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము విద్యార్థుల సభ యొకటి. దానిని ఇప్పటి కళాశాలలలో హ్యాకథాన్ అనుచున్నారు. కంప్యూటరు విద్య నేర్చిన పిల్లలు జట్లుగా ఏర్పడి, ఒక దినమో దినమున్నరయో ఒకచోట కూర్చుండి, తమ కిచ్చిన చిక్కునకు పరిష్కారమును కనిపెట్టి, దానిని పనిచేయు రూపమున చూపుటయే ఆ సభ స్వరూపము. ఈ పేరు 1999వ సంవత్సరమున పాశ్చాత్యదేశములలో వాడుకకు వచ్చినది. మన దేశమున 2017లో కేంద్రప్రభుత్వమువారు స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అను పేర దీనిని ప్రారంభించిరి.

పేరు క్రొత్తదే గాని పద్ధతి మనకు క్రొత్త కాదు. అవధానము చూచినవారికి దీనిని విస్తరించి చెప్ప నక్కరలేదు. పృచ్ఛకులు సమస్య నిత్తురు. కాలము పరిమితము. సభ యెదుటనే పూరింపవలెను. ఇంటికి పోయి రేపు తెత్తునన్న చెల్లదు. భీమవరమునకు సమీపమందలి యండగండిలో 1872లో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారితో జంటగూడి ఈ విద్యను తెలుగునాట నెల్లెడల వెలయించిరి. జంటకు మారుగా జట్టు చేయు అవధానమే హ్యాకథాన్ అనుకొన్నచో చాలవరకు సరిపోవును.

అచట నిచ్చు సమస్య ఎట్టిదో ఒక యుదాహరణముచే తెలిసికొందము. మన భీమవరపు రొయ్యల చెరువులనే చూడుడు. పగటివేళ నీటిలోని నాచు ఎండ సాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ ఆ నాచే రొయ్యతోపాటు ప్రాణవాయువును పీల్చుకొనును. అందుచే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గి, రొయ్యలు పైకి తేలును. రైతు నిద్ర మానుకొని గట్టున కాచియుండి ఏరేటర్లను త్రిప్పించును. నీటిలోని ప్రాణవాయువును తానే కొలిచి, తగ్గినంతనే రైతు సెల్‌ఫోనునకు హెచ్చరిక పంపు పరికరమును తక్కువ ఖర్చుతో చేయుట యెట్లు? ఇట్టిది సమస్య. దీనిని పూరించిన పిల్లలు పద్యము చెప్పలేదు గాని, ఒక కుటుంబమునకు పంట నిలిపినవా రగుదురు.

ఆ రొయ్య చెరువు దాటిన పిమ్మట ఎవరి చేతిలోనికి పోవును? కర్మాగారములలో చల్లని నీటియందు గంటలకొలది నిలువబడి తలలు త్రుంచి పొట్టు తీయువారిలో స్త్రీలే అధికము. వరిచేలలో నడుము వంచి నాట్లు వేయువారును వారే. ఆ చేతుల నొప్పికి, ఆ నడుముల నొప్పికి ఉపాయము వెదకు సభలో వారి కూతుండ్రు లేనిచో, ఆ సమస్యను అడుగువా రెవరు? అడుగని సమస్యకు పూరణ మెట్లు కలుగును?

ఇక అసలు మాటకు వచ్చెదను. ఇట్టి సభల ఆహ్వానములలో కొన్నిటియందు స్త్రీలకును, స్త్రీపురుషులను రెండు తెగలలో దేనియందును తమ్ము చేర్చుకొననివారికిని ప్రత్యేకముగా స్వాగతము చెప్పుచున్నారు. దీనిని విని పెద్దలు కొందరు, విద్యార్థు లందరును రావచ్చునని వ్రాసిన చాలదా, విడదీసి చెప్పనేల యని అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము మన యిండ్లలోనే యున్నది.

ఇంట శుభకార్యము వచ్చినప్పుడు ఊరందరును రండని వీధిలో కేకవేసి ఊరకుందుమా? ఇల్లాలో ఆడపడుచో కుంకుమభరిణె చేతబట్టి గడపగడపకును పోయి, బొట్టుపెట్టి, పేరంటమునకు రమ్మని పిలుచును. అట్లు పిలువనిచో ఎదురింటి ముత్తైదువయైనను రాదు. తలుపు తెరచియే యున్నది గదా యని మనము వాదింపము. తలుపు తెరచియుండుట వేరు, పిలుచుట వేరు. ఈ గదిలో నీకేమి పని యని తరతరములుగా విన్నవారికి ఆ భేదము మరింత స్పష్టముగా తెలియును.

పేరంటమున మరియొక సంగతియు కలదు. కుంకుమభరిణె పోని గడపలు కొన్ని యుండెడివి. భర్త గతించిన స్త్రీకి పిలుపు లేదు. అట్టి స్త్రీ యొకామె చరిత్రమును మీకు మనవి చేసెదను.

అయ్యలసోమయాజుల లలితగారు 1919 ఆగస్టు 27వ తేదీన మద్రాసులో తెలుగు కుటుంబమున జన్మించిరి. 15వ యేట వివాహము జరిగెను. 18వ యేట భర్త గతించెను. అప్పటికి చేతిలో నాలుగు మాసముల ఆడుబిడ్డ. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమునకు ఆచార్యులు. ఆ కళాశాలలో అంతకుముందు ఆడుపిల్ల అడుగుపెట్టలేదు. తండ్రిగారు ప్రిన్సిపాలుగా నుండిన కె. సి. చాకోగారితో మాటాడి, విద్యాశాఖవారి యనుమతి పొంది, 1940లో కుమార్తెను విద్యుచ్ఛాఖలో చేర్పించిరి. ఏ ముత్తైదువల పేరంటమునకును పిలుపు లేని పిల్లను సరస్వతీమందిరమునకు పిలిచినవా రైరి.

తోడి విద్యార్థులు ఆమెను ఆదరించిరి. అయినను అంతమంది మగపిల్లల నడుమ ఒక్కతెయే యుండుటచే ఒంటరితనము బాధించెను. అప్పుడు తండ్రిగారి ప్రోద్బలమున, ఈ కళాశాలలో స్త్రీలకును ప్రవేశము కలదని ప్రకటన వెలువడినది. అంతట లీలమ్మ జార్జి, పి. కె. త్రేస్యా అను ఇరువురు కన్యలు సివిలు ఇంజనీరింగు శాఖలో చేరిరి. తలుపు తెరచినంత మాత్రమున రానివారు పిలుపు వినబడగానే వచ్చిరని గమనింపుడు. వారిలో త్రేస్యాగారు 1971లో కేరళరాష్ట్రమున ప్రధాన ఇంజనీరు పదవి నధిష్ఠించిరి.

లలితగారు 1943లో చదువు ముగించి, జమాల్పూరు రైల్వే కర్మాగారమున శిక్షణ పొంది, సిమ్లాలో కొంతకాలము ఉద్యోగము చేసి, పిదప కలకత్తాలో ఒక విద్యుద్యంత్ర సంస్థయందు చిరకాలము పనిచేసిరి. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుదుత్పాదక యంత్రముల పనిలో వారి చేయి కలదు. 1964లో న్యూయార్కు నగరమున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు వెళ్లివచ్చిరి. బిడ్డను పెంచి పెద్దచేసి, 1979లో పరమపదించిరి. విద్యుచ్ఛాస్త్రమున పట్టము పొందిన భారతీయస్త్రీలలో వారు ప్రథమురాలు.

ఆ పట్టాపత్రములను గూర్చి యొక ముచ్చట కలదు. వానిపై ఆంగ్లమున పుంలింగ సర్వనామమే అచ్చువేయబడి యుండెను. ఈ కన్యలకు పత్రము నిచ్చునపుడు దానిని కొట్టివేసి స్త్రీలింగ పదమును చేతితో వ్రాయవలసి వచ్చెను. అచ్చువేసినవారికి ద్వేషమేమియు లేదు. ఒక స్త్రీ వచ్చునని వారికి తోచలేదు, అంతియే. తోచకపోవుటయే ఇచటి దోషము.

మన భాష యందును ఈ చిక్కు కలదు. మన వ్యాకరణము పురుషవాచకములను మహత్తు లనును. రాముడు వచ్చినాడందుము. సీత వచ్చినదందుము, ఆవు వచ్చినదందుము. ఏకవచనమున స్త్రీకిని ఆవునకును క్రియ యొకటియే! కాని బహువచనమునకు వచ్చుసరికి ఎంత మార్పు! ఆవులు వచ్చినవి, స్త్రీలు వచ్చినారు. 'వారు' అను పదమున పురుషుడు, స్త్రీ, ఇరువురిలో ఎవరును కానివారు అందరును సమముగా ఇముడుదురు. ఒంటరిగా నున్నపుడు దక్కని గౌరవము నలుగురితో కలిసినపుడు దక్కునని మన వ్యాకరణమే చెప్పుచున్నట్లున్నది. స్మార్ట్ ఇండియా హ్యాకథానులో ఆరుగురి జట్టున ఒక స్త్రీయైనను ఉండితీరవలెనని నియమము చేసిరి. అది మొదటి మెట్టు. ఆ యొక్కతె ఒంటరి కాకుండుట తరువాతి మెట్టు.

ఇరువురిలో ఎవరును కానివారను మాట విని కొందరు సంకోచింతురు. అమరము వల్లెవేసినవారికి తృతీయాప్రకృతి యను పదము క్రొత్త కాదు. నేటివారు చెప్పు భేదములన్నియు అందు లేకపోవచ్చును. కాని మనుష్యులు రెండు తెగలలోనే ఇమిడిపోరని మన పూర్వు లెరుగుదురు. వానలకై మన యూళ్లలో చదివించు విరాటపర్వమున బృహన్నల ఉన్నది. ఉత్తరకు నాట్యము నేర్పినదియు, గోగ్రహణమునాడు ఉత్తరుని రథము తోలినదియు బృహన్నలయే. ఆ వేషమును చూచి రథ మీయకున్నచో విరాటుని గోవులు తిరిగివచ్చెడివా? 2014 ఏప్రిల్ 15వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమువారు తృతీయప్రకృతివారిని చట్టము గుర్తింపవలెనని తీర్పు చెప్పిరి. 2019 నాటి చట్టము విద్యయందును ఉద్యోగమునందును వారిపట్ల వివక్ష కూడదని శాసించినది. నిఘంటువులో పేరున్నది, శాసనమున హక్కున్నది. లేనిది మన నోటి పిలుపు.

పిలువకుండుటచే నష్ట మెవరికో అమెరికాలోని లిన్ కాన్వేగారి చరిత్రము తెలుపును. పుట్టినపుడు పురుషునిగా లెక్కింపబడి, తాను స్త్రీనని యెరిగి, అట్లు జీవింప నిశ్చయించుకొనుటచే 1968లో ఐ.బి.ఎం. సంస్థ వారిని పనినుండి తొలగించెను. వారు క్రొత్తపేరుతో మొదటి మెట్టునుండి మరల ఆరంభించిరి. 1980లో కార్వర్ మీడ్ గారితో కలిసి వెలువరించిన గ్రంథముచే చిప్పుల రచనను వేలకొలది విద్యార్థులకు సులభసాధ్యము చేసిరి. ఆ సంస్థ 2020లో క్షమాపణ చెప్పెను. ఆ నడుమ గడచినవి 52 సంవత్సరములు. కాన్వేగారు 2024లో మరణించిరి.

యంత్రము తనను చేసినవారి చూపునే నేర్చుకొనును. 2018లో ఇరువురు విదుషీమణులు ముఖమును చూచి ఆడో మగో చెప్పు యంత్రములను పరీక్షించిరి. తెల్లని పురుషుల విషయమున నూటికి ఒకటియైనను తప్పు లేదు. నల్లని స్త్రీల విషయమున ఒక యంత్రము నూటికి 34కు పైగా తప్పు చెప్పెను. మన పొలములలో ఎండకు కమలిన తల్లుల ముఖములు ఏ రంగువో మీకు తెలియును. ఇరువురిలో ఎవరును కానివారికి ఆ యంత్రమున అసలు గడియే లేదు.

మహాశయులారా, 1874లో ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికాపాఠశాలను నెలకొల్పిరి. భీమవరమున 2001లో విష్ణు మహిళా ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఈ రెంటి నడుమ 127 సంవత్సరములు గడచినవి. చుట్టుప్రక్కల గ్రామములనుండి బస్సులలో వచ్చి ఆడుపిల్లలు నేడు ఇచట యంత్రవిద్య నేర్చుచున్నారు. ఇక మిగిలిన తలుపు మన యింటి తలుపే. మనుమరాలు వచ్చి, తాతా, హ్యాకథానునకు పోవలెను, ఒక రాత్రి అచటనే యుండవలెనని అడుగును. వలదనుట సులభము. దానికి మారుగా పెద్దరికమునకు తగిన ప్రశ్నలు అడుగుడు: జట్టులో ఎవరున్నారు? బాధ్యత వహించు ఉపాధ్యాయిని ఎవరు? విశ్రాంతికి వేరు గది కలదా? తిరుగు ప్రయాణ మెట్లు? సరియైన సమాధానము రానిచో కళాశాలవారిని నిలదీసి, ఏర్పాట్లు చేయించుడు. భయమును పిల్లపై మోపక, బాధ్యతను సభవారిపై మోపుడు.

మీ యూరిలో పురుషుడనియు స్త్రీయనియు చెప్పుకొనని బిడ్డ యొకడో ఒకతెయో ఉండవచ్చును. చూడుడు, ఏకవచనమున పలుకబోయిన నా భాషయే తడబడుచున్నది. వారిని కూడ పేరుపెట్టి, ఏమి చదువుచున్నావని అడుగుడు. ఎగతాళి లేని ఆ యొక్క ప్రశ్నయే వారికి పిలుపు.