ముందు ఏ ఊరికి నీరు?

పంచాయతీ చేతిలోని సొమ్ము కొద్ది, అక్కరలు పెక్కు. దాని క్రింద మూడు పల్లెలున్నవనుకొందము. ఒకదాని బావి వేసవిలో ఎండును. రెండవదాని గొట్టము పగిలి మురుగు కలియుచున్నది. మూడవదానిలో నీరు సమృద్ధము, చూపునకు నిర్మలము. కాని అందు ఫ్లోరైడు కలదు. ముందు దేనికి వ్యయము చేయవలెను?

గట్టిగా అడిగినవారికి ముందిచ్చుట లోకరీతి. ఇచ్చట అది పనికిరాదు. మూడవ పల్లెవారు తొలుత అడుగనే అడుగరు. హాని వారి కంటికి కనబడదు.

నల్లగొండ జిల్లా ఇందుకు సాక్ష్యము. అచ్చటి శిలలనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కలియును. అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని చిన్ననాటినుండి త్రాగినచో పండ్లు గారపట్టును; ఇంకను హెచ్చినచో, ఏండ్లు గడచిన కొలది ఎముకలు బిగిసి వెన్ను వంగును. కాచినను ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఇగిరిన కొలది గాఢత హెచ్చును. వంగిన ఎముకను నిటారు చేయు మందు లేదు.

కనుక హాని యెంత త్వరగా తగులును, తగిలిన పిదప మరలునా అని చూడవలెను. పగిలిన గొట్టము మొదటిది. అతిసారము కొలది దినములలో ప్రాణము తీయగలదు. అతుకు వేసి క్లోరిను కలుపుటకు ఖర్చు స్వల్పము. రెండవది ఫ్లోరైడు పల్లె. త్రాగుటకును వంటకును మంచినీరు తెచ్చిన చాలును. తక్కిన పనులకు పాతబావియే ఉండును. ఎండిన బావి మూడవది. అంతవరకు ట్యాంకరుతో నీరు తోలవలెను. అయినను ఆ పల్లె స్త్రీలకు మరియొక వేసవి కష్టము తప్పదు. ఆ మాట వారి యెదుట నిలిచి, కారణముతో చెప్పవలెను.

ఇంకొక సంగతి. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరు పరిశోధన సంస్థవారు రూపొందించిరి. దానికి నల్లగొండ పేరే వచ్చినది. పద్ధతి మంచిదే. కాని దినదినము పటిక వేయువారు, మడ్డి తీయువారు లేనిచో అది నిలువదు. 2016లో తెలంగాణమున ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలమును పల్లెలకు తెచ్చినది. ఆ గొట్టములకును పోషణ కావలెను. కావున క్రొత్త పనికి సంతకము చేయకముందే దానిని నడుపుటకు సొమ్ము విడిగా తీసి ఉంచవలెను.

అన్నిటికంటె ముందు ప్రతి బావినీటిని పరీక్షింపించి, ఫలితములను గ్రామసభలో చదివి వినిపింపవలెను. అప్పుడే అడుగనివారి పేరు కూడ పట్టికలో చేరును.